వంటయింటి చిట్టియీగలు



మామిడిపండ్లు గడ్డిలో మాగి పరిమళించు దినములలో పిలువని చుట్టమొకటి మన వంటయింటికి వచ్చుచుండును. ఆవగింజయంత దేహము, గోధుమవన్నె, ఎఱ్ఱని కన్నులు గల చిట్టియీగ యది. పండ్లబుట్ట కదల్చినచో గుంపుగా లేచును. మనము చేయి వెనుకకు దీసినంతనే మరల అచ్చటనే వ్రాలును. ఇది కుట్టదు, కఱవదు. అయినను కుళ్లిన వస్తువుమీద వ్రాలిన కాళ్లతోనే మనము తినబోవు పండుమీదను వ్రాలును గదా! దీనిని ఇంటినుండి సాగనంపు విధమును, అంతకంటె ముఖ్యముగా ఇది మరల మరల ఏల వచ్చునో ఆ కారణమును నేడు మనవి చేసెదను.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. మన పూర్వులు ప్రాణులను జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగు తెగలుగా విభజించిరి. మనుస్మృతిలో దోమలు, పేలు, ఈగలు, నల్లులు స్వేదజములలో చేర్చబడినవి; అనగా చెమటనుండియు ఉక్కనుండియు పుట్టునవని భావము. నేనును గురువుగారియొద్ద అట్లే చదువుకొంటిని. పండు కుళ్లినచో అందుండి ఈగ తనంతట పుట్టునని నేటికిని తలచువారు పెక్కురు కలరు. ఇటలీ దేశస్థుడైన ఫ్రాంచెస్కో రేడీ అను వైద్యుడు ఇట్టి సంశయమునే పరీక్షించి, 1668లో ఒక గ్రంథమున ప్రకటించెను. ఆయన మాంసపు ముక్కలను కొన్ని పాత్రలలో మూత లేకయు, కొన్నింటిలో పలుచని బట్ట కట్టియు నుంచెను. బట్ట కట్టిన పాత్రలోని మాంసము కుళ్లినదే కాని, దానియందు పురుగు పుట్టలేదు. ఈగ వచ్చి గ్రుడ్డు పెట్టనిదే పురుగు లేదని తేలినది. మన చిట్టియీగయు అట్లే అండజము. పూర్వులయందు దోషమెంచుటకు ఈ మాట చెప్పుట లేదు. కంటికి ఆనీ ఆనని ఆ గ్రుడ్డును గుర్తించుట వారికెట్లు సాధ్యమగును? కాని ఈ భేదము మనకు మిక్కిలి అవసరము. ఈగ తనంతట పుట్టునదైనచో మనము చేయగలిగినది లేదు. గ్రుడ్డునుండి పుట్టునదైనచో, గ్రుడ్డు పెట్టుటకు చోటు లేకుండ చేయుట మన చేతిలోని పనియే.

దీని పెరుగుదల బహు శీఘ్రము. 25 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనములో గ్రుడ్డు ఇంచుమించు ఒక దినమునకు పగులును. అందుండి వెలువడిన తెల్లని పురుగు పులిసిన గుజ్జును, దానియందు పెరుగు ఈస్టు అను సూక్ష్మజీవులను తిని నాలుగైదు దినములు పెరుగును. పిదప కొంచెము పొడిగా నుండు చోటికి ప్రాకి, చిన్న గింజవలె గట్టిపడి, మఱి నాలుగైదు దినములకు ఱెక్కలతో ఈగయై వెలువడును. మొత్తము సుమారు 10 దినములు. ఆడుయీగ పుట్టిన రెండుమూడు దినములలోనే గ్రుడ్లు పెట్టనారంభించి, తన జీవితకాలమున వందలకొలది పెట్టును. ఈ వేగమే దీనిని శాస్త్రజ్ఞులకు ప్రియమైనదానిగా చేసినది. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయమున థామస్ హంట్ మోర్గన్ అను పండితుడు ఈ ఈగలను సీసాలలో తరతరములుగా పెంచి, తల్లిదండ్రుల లక్షణములు బిడ్డలకు సంక్రమించు తెఱగును కనుగొని, 1933లో నోబెల్ బహుమానమును పొందెను. ఆయనకు ఉపకరించిన వేగమే మనకు తలనొప్పి!

మా ఇంట జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. మూడేండ్ల క్రిందట జ్యేష్ఠమాసమున ఈ ఈగలు మితిమీరినవి. మా గృహిణి కోడలి శుభ్రత చాలదని నలుగురిలో అన్నది. కోడలు మాఱు పలుకక వంటయిల్లు అంతయు కడిగినది. మనుమడు దోమలమందు తెచ్చి చల్లినాడు. ఆ పూట ఈగలు చచ్చినవి. గిన్నెలపై మందు పడినదను భయముతో వండిన అన్నమును పారబోసితిమి. పదవనాడు ఈగలు యథాప్రకారము లేచినవి. మరల మాటలు కోడలిమీదనే పడినవి. అప్పుడు నేను దినములు లెక్కించితిని. చంపిన పదవనాడే వచ్చినవి గావున, గ్రుడ్ల చోటు ఇంటిలోనే ఉండవలెను. వంటయింట ఎంత వెదకినను దొరకలేదు. తుదకు దేవతార్చన పీట వెనుక చూడగా, నేనే నైవేద్యము చేసి విస్తరాకులో చుట్టి మఱచిన రెండు అరటిపండ్లు నల్లని ముద్దయై, పురుగులతో నిండియుండెను. ఆ చోటు నేను తప్ప ఒరులు ముట్టరు. ఎన్నియో ఏండ్లు పిల్లలకు శుచిని బోధించిన వాడను. కోడలిని పిలిచి, అందఱి యెదుటను, “అమ్మా, తప్పు నాది” అని చెప్పితిని. ఆమె ఏమియు ననక, ఆ ముద్దను తీసికొనిపోయి పెరటిలో లోతుగా పూడ్చినది.

కావున ఈగను తఱుముటకు ముందు దాని పుట్టినిల్లు వెదకుడు. పండ్లబుట్ట అడుగున చిట్లిన పండు, ఉల్లిగడ్డల గంపలో మెత్తబడిన గడ్డ, చెత్తబుట్ట అడుగున నిలిచిన ఊట, తడి ఆఱని మసిగుడ్డ, జలదారిలో పేరుకొన్న జిగురు, పెరటి గుమ్మము దాపున నున్న కుడితితొట్టి - ఇవియే దానికి నెలవులు. దెబ్బతగిలిన పండును ఆ పూటనే తినుడు, లేదా పారవేయుడు. తొక్కలు, టెంకలు రాత్రి ఇంట నిలువరాదు. మసిగుడ్డను ఉడుకునీట ఉతికి ఎండవేయుడు. జలదారిలో ఉడుకునీరు పోసిన చాలదు. కొబ్బరిపీచుతో జిగురును రుద్ది తీయవలెను. కుడితితొట్టిని దినమునకొకమాఱు కడిగి, గుమ్మమునకు దూరముగా నుంచుడు. కోసిన పండుపై మూత పెట్టుడు, ఫ్రిజ్జున్నచో అందుంచుడు. మాగిన పండ్లను కడిగి తుడిచి, దట్టమైన బట్టతో వాసెన కట్టి ఉంచుడు. పలుచని వలగుడ్డ చాలదు. ఈ ఈగ దాని కన్నములనుండి దూఱగలదు.

ఇక మిగిలిన ఈగలకు ఉచ్చు పన్నవచ్చును. ఇవి పులిసిన వాసనకు పరువెత్తివచ్చును. కల్లుకుండ చుట్టును ముసరుట మీరెఱిగినదే. గాజులోటాలో రెండు వ్రేళ్ల లోతున వినెగర్ పోసి, సబ్బునీరు రెండు చుక్కలు కలుపుడు. సబ్బు లేనిచో ఈగ నీటిపై నిలిచి మరల ఎగిరిపోవును. సబ్బు కలిసినచో మునుగును. వినెగర్ దొరకనిచో మిగులమాగిన అరటిపండు ముక్కను లోటా అడుగున వేసి, కాగితమును గరాటువలె చుట్టి, సన్నని మొన లోనికి వచ్చునట్లు మూతికి అమర్చుడు. లోనికి పోయిన ఈగకు వెలుపలికి వచ్చు త్రోవ సులభముగా దొరకదు. అయితే ఆ పండుముక్కను నాలుగు దినములకొకమాఱు తీసి పూడ్చవలెను; లేనిచో ఉచ్చే పుట్టినిల్లగును! వంటపాత్రలు, పండ్లు ఉన్న చోట పురుగులమందు చల్లవలదు.

ఇట్లు రెండు వారములు విడువక చేయవలెను. మొదటి వారములో ఈగలు తగ్గలేదని నిరుత్సాహపడకుడు. అవి పూర్వము పెట్టిన గ్రుడ్లనుండి వచ్చునవి. క్రొత్త గ్రుడ్లకు చోటు దొరకనిచో వాని వంశము అంతటితో ఆగును.

మామిడిపండు కోసినప్పుడు కండలో కనబడు పురుగు వేఱొక జాతి ఈగది. ఆ ఈగ తోటలోనే కాయతొక్క క్రింద గ్రుడ్లు దించును. ఆ దోషము వంటయింటిది కాదు, వండువారిదియు కాదు.

ఇంట ఈగలు లేచినప్పుడు ఎవరిని అందుమా అని చూడక, ఎక్కడ నున్నదా అని చూడుడు. వెదకుట మన కూర్చుండు చోటినుండియే మొదలు పెట్టుడు. నాకు ఆ బుద్ధి కొంచెము ఆలస్యముగా కలిగినది.

ఇక సెలవు.