తెరమీద గాలివాన – తెరముందు మనవారు

ఆశ్వయుజ మాసము వచ్చినదనిన మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల గృహిణులకు పండుగపనులతోపాటు ఆకాశమువంక చూచుట గూడ నొక పనియై యున్నది. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని 'ఫైలిన్', 2014లో సరిగా ఆ తేదీనే 'హుద్‌హుద్', 2018 అక్టోబరు 11వ తేదీని 'తిత్లీ', 2021 సెప్టెంబరు 26వ తేదీని 'గులాబ్' – తొమ్మిదేండ్లలో నాలుగు తుపానులు ఈ తీరముననో, దీని కిరుప్రక్కలనో ఒడ్డెక్కినవి. వాని పేర్లు చూడుడు! ఫైలిన్ అనగా థాయి భాషలో నీలమణి. హుద్‌హుద్ అనునది ఒమాను దేశమువా రిచ్చిన పేరు. అది మన కూకుడుగువ్వ. తిత్లీ అనగా సీతాకోకచిలుక, గులాబ్ అనగా గులాబిపువ్వు. ఈ రెండును పాకిస్తానువా రిచ్చినవి. ఆడుబిడ్డలకు ముద్దుగా పెట్టుకొనదగిన యీ పేర్లు విని నవ్వినవారే, తెల్లవారునప్పటికి తోటలు నేలమట్టమై యుండుట చూచి నోట మాటలేక నిలువబడిరి.

తిత్లీ తుపానును గూర్చి ఉద్దానములోని యొక గ్రామమున, ఆ యూరి పిల్లవాడే కూర్చిన చిన్న చలనచిత్ర మొకటి నేను చూచుట తటస్థించినది. ఆ చిత్రముకంటెను, దానిని చూచుచు మన స్త్రీలు పలికిన పలుకులే నా మనస్సున గాఢముగ నాటుకొనినవి. ఆ పలుకులను సోదరీమణులకు విన్నవించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఉద్దాన మెరుగనివారికి రెండు మాటలు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు తావులతో సముద్రము నానుకొని యున్న యీ సీమకు ఉద్యానమను మాటనుండియే యా పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస – ఇవియే యిచటి సంపద. పలాస జీడిపప్పు మనదేశమంతట ప్రసిద్ధము. ఆ జీడిపిక్కలు కొట్టి, పొర తీసి, పప్పును ఏరి వేరుచేయు చేతులలో పెక్కు స్త్రీల చేతులే. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర గంటల నడుమ తిత్లీ పలాసకు సమీపమున తీరము దాటినది. గాలివేగము గంటకు 140 మొదలు 150 కిలోమీటర్లు. విసరు వచ్చినప్పుడు 165 వరకు నుండెను. ఆ గంట ఎట్టిదో పాఠకురాండ్రు గుర్తుంచుకొనవలెను. ఇంకను వెలుగు రాలేదు, విద్యుద్దీపములు ఆరిపోయినవి. నేను చెప్పబోవు సంగతి యంతయు ఆ చీకటిపైననే యాధారపడి యున్నది.

ఆ చిత్రమును కూర్చినవాడు మాకు దూరపు చుట్టము, కాలేజీ చదువు ముగించిన యువకుడు. తాను, తన స్నేహితులు, ఇరుగుపొరుగువారు సెల్‌ఫోనులలో తీసికొనిన ముక్కల నన్నిటిని సేకరించి, వరుసగా నతికి, అరగంట చిత్రముగా చేసినాడు. ఒకనాటి రాత్రి భోజనములైన పిదప వారి వీథియరుగు గోడకు తెల్లని దుప్పటి కట్టి దానిపై చూపినాడు. పురుషులు వెనుక నిలువబడిరి. స్త్రీలు పిల్లలతో ముందు చాపలపై కూర్చుండిరి. పట్టణమునుండి వచ్చిన చుట్టములు నలుగురైదుగురు కుర్చీలలో నుండిరి.

చిత్రము బూడిదరంగు తెల్లవారుతో మొదలైనది. నేలబారుగా పడియున్న కొబ్బరితోట, మొదలంట విరిగిన స్తంభములు, కప్పులు లేచిపోయిన యిండ్లు. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత ముందువరుసనుండి మెల్లగా గుసగుసలు బయలుదేరినవి. వారు చేయుచున్న దేమని చెవియొగ్గితిని. వారు చెట్లను గుర్తుపట్టుచుండిరి! "అదిగో, మన నూతికాడి మొక్క." "ఒలమ్మా, ఆ రెండూ మా మావ యేసినవి గదే!" "ఆ పనస మా పెద్దమ్మాయి పుట్టిన యేడు పెట్టినాం." తీసినవాడు తోట నాశనమును చూపదలచినాడు. చూచువారికి మాత్రము తోట యనునది కనబడలేదు. ఒక్కొక్క చెట్టే కనబడినది. మనవంటివారికి గుట్టగా పడియున్న మ్రానులు వారికి కుటుంబపు చరిత్రయై యుండెను.

చిత్రము సగమైనదో లేదో, డెబ్బది యేండ్లు దాటిన ముసలమ్మ యొకతె గట్టిగా ఆ పిల్లవానిని పిలిచినది.

"రాత్రేదిరా బాబూ? గాలి కొట్టినాది రాత్రేళ గదా! నీ బొమ్మలో తెల్లారిపోయే ఉన్నాది."

"చీకటి గదే మామ్మా! కరెంటు పోనాది. ఏటీ కనబడలేదు."

"కళ్ళకి కనబడకపోతే సెవులు లేవేటిరా?"

అందరును నవ్విరి. కాని ఆమె నవ్వులాటకు అనలేదు. ఆ ప్రశ్నతో చిత్రము తెరమీద నడుచుచుండగనే తెరముందు వేరొక చిత్రము మొదలైనది. ఒకతె, కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే కూలు చప్పుడును మంచము క్రింద కూర్చుండి లెక్కించితినని చెప్పినది. నలుబదివరకు లెక్కించి పిదప లెక్క విడిచినదట. వేరొక యింటి తలుపునకు గడియ నిలువలేదు. రోకలి అడ్డము పెట్టి, దానికి వీపు లానించి అత్తయు కోడలును తెల్లవారువరకు నిలువబడిరి. "అప్పటికి మాకు మూణ్ణెల్లై మాటల్లేవు" అని కోడలు చెప్పగా, అత్తగారు చెంగు నోటి కడ్డము పెట్టుకొని నవ్వినది. ఆ తలుపును, ఆ రెండు వీపులను ఏ ఫోను తీసినది? ఎవడు తీయగలడు?

వారు చెప్పినవానిలో నొకటి ప్రాణములకు సంబంధించినది గనుక వివరముగ వ్రాయుచున్నాను. గాలి మహోధృతముగ వీచి వీచి యొక్కసారిగా నిలిచిపోయినదట. పశువులసాల యేమైనదో చూచివత్తునని ఆ ముసలమ్మ భర్త తలుపు తీయబోయెను. ఆమె అతని చేయి పట్టుకొని కదలనీయలేదు. "ఇది పోవడం గాదు, మల్లుకోవడం" అని చిన్ననాడు తన తల్లి చెప్పిన మాట ఆమెకు జ్ఞప్తికి వచ్చినదట. తుపాను మన యర్ధగోళమున గడియారపు ముల్లునకు ఎదురుగా సుడితిరుగును. ఆ సుడి నడుమ గాలి లేని తావు కలదు. దానిని కన్ను అందురు. కన్ను పైకి వచ్చినప్పుడు ప్రశాంతముగ నుండును. అది దాటినంతనే అంతకుముందు వీచిన దిక్కునకు వ్యతిరేకపు దిక్కునుండి గాలి మరల విరుచుకొని పడును. హుద్‌హుద్ నాడు విశాఖపట్టణవాసులు ఈ వింతను పట్టపగలే చూచిరి. ముసలమ్మకు కన్ను, సుడి యను మాటలు తెలియవు. తల్లి చెప్పిన మాట తెలియును. ఆ మాట ఒక మనిషిని నిలిపినది. ఆ రాత్రివరకు ఆ యింటి పిల్లలలో ఒక్కరైన దానిని వినియుండలేదు! చిత్రము లేకున్న, ఆమె దానిని ఎప్పు డెవరికి చెప్పియుండును?

ఇక నొక బాధాకరమైన సంగతి. తెరమీద కూలిన యింటి ముందు జుట్టు విడివడి కూర్చుండి యేడ్చుచున్న యొక స్త్రీ కనబడినది. ఆమెయే ముందువరుసలో కూర్చుండి యున్నది! ఏమియు ననక లేచి చీకటిలోనికి వెడలిపోయినది. చిత్రము ముగిసిన తరువాత ఆమె వచ్చి, "నానేడిస్తే నువ్వు తీసినావు, తప్పు గాదు. మరి ఊరందరికీ సూపేముందు నన్నొక్క మాట అడగాల గదా" అని మెల్లగా చెప్పినది. పిల్లవాడు తల వంచుకొని ఆ ముక్కను అప్పుడే తీసివేసెదనని చెప్పి, అట్లే చేసినాడు. విపత్తు వచ్చినప్పుడు స్త్రీల యేడుపును తీసి లోకమునకు చూపుట నేడు సామాన్యమైనది. ఆ కన్నీరు చూచి నలుగురు సాయము పంపుదురను మాట నిజమే. కాని ఆ ముఖము ఒకరిదనియు, ఆమె రేపు ఆ వీథిలోనే నీళ్లకు పోవలసియున్నదనియు మరువరాదు.

చిత్రము ముగియగానే కుర్చీలలోని చుట్టము లొకరు, "అబ్బ, ఏమి గాలి! ఆ స్తంభము పడినది మరల నొకసారి వేయుము" అని యడిగిరి. వారిని తప్పుపట్టను. వారు గాలిని చూడ వచ్చిరి. చాపలమీదివారు తమ్ము చూచుకొన వచ్చిరి. ఒకే తెరను చూచుచున్న యిరువాగులవారికి నడుమ నెంత దూరము!

ఈ దూరము మన యూరికి మాత్రమే చెందినది కాదు. 2005 ఆగస్టు 29వ తేదీని 'కత్రినా' యను తుపాను అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమును నీటముంచినది. వేయిమందికి పైగా మరణించిరి. దానినిగూర్చి స్పైక్ లీ యను ప్రసిద్ధ దర్శకుడు నాలుగుగంటల చిత్రము తీసి, మరుసటియేట ఆగస్టులో ఆ నగరముననే వేలాది జనుల యెదుట మొదట ప్రదర్శించినాడు. ఎవరి కథయో వారే ముందు చూడవలెనను న్యాయ మందు కలదు. 2008లో వెలువడిన 'ట్రబుల్ ది వాటర్' అను చిత్రము మన పిల్లవాని చిత్రమునకు మరింత దగ్గరిది. ఆ నగరములోని పేదవాడలో కాపురముండిన కింబర్లీ రాబర్ట్స్ అను స్త్రీ, నీరు పెరుగుచుండగా తన యింటి అటకమీదనుండి చిన్న కెమెరాతో తీసిన దృశ్యములే దానికి ప్రాణము. సన్‌డాన్సు చిత్రోత్సవమున దానికి పెద్ద బహుమానము లభించినది. వృత్తిదర్శకులు చేరలేని చోట నొక గృహిణి చేయి చేరగలిగినది.

1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ యుప్పెనలో పదివేలమందికి పైగా మరణించిరి. నాడు ప్రజల చేతులలో ఫోనులు లేవు. బ్రదికియున్నవారి నోటిమాటలే ఆ దినపు చిత్రము. అవి వ్రాసికొననిచో వారితోనే పోవును. నేడు ఫోనులున్నవి గనుక అంతయు భద్రమైనదని మన మనుకొనుచున్నాము. కాని తిత్లీ నాటి చీకటిగంటను ఏ ఫోనును తీయలేదు. తరువాతి యేండ్లను గూడ తీయలేదు. దీపము లేని దినములు, నీటికై పడిన పాట్లు, జీడితోటలు పోగా కూలి దొరకని నెలలు, కొడుకులు దూరదేశపు పనులకు పోయిన యిండ్లు – ఇవి తెరకెక్కలేదు. పొడుగు కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. గాలి గంటలో చేసిన పనిని చక్కదిద్దుటకు స్త్రీలు ఆరేడేండ్లు నీరు మోసిరి. నీరు మోయుట చూచుటకు వేడుకగా నుండదు గనుక దాని నెవరును తీయరు.

కావున సోదరీమణులారా, మీ యిండ్లలో ఇట్టి చిత్రము లెవరేని చూపినయెడల, అది ముగిసినంతనే చాపలు చుట్టి లేవకుడు. అప్పుడే పెద్దవారిని మాటలాడనిండు. పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుడు. చెప్పినది నోటుపుస్తకమున వ్రాసికొనుడు, లేక ఆ ఫోనులోనే కంఠమును పట్టుకొనుడు. లేచిపోవువారిని పోనిండు, వారిని బలవంతముగ చూడుమనుట క్రౌర్యము.

మొన్న నేను మరల ఆ గ్రామమునకు పోయితిని. పిల్లవాడు చిత్రమును మార్చినాడు. ఇప్పు డది తెల్లవారుతో మొదలుకాదు. మొదట కొన్ని నిమిషములు తెర నల్లగా నుండును. ఆ నలుపులోనుండి స్త్రీల కంఠములు మాత్రము వినవచ్చును. చెట్లు లెక్కించినామె కలదు, తలుపునకు వీపు లానించిన అత్తాకోడండ్రు కలరు, "మల్లుకోవడం" అను మాటయు కలదు. పిల్లలు కదలక విన్నారు. ముసలమ్మ తన కంఠము తానే విని, "నా గొంతిలాగుంటాదేటిరా?" అని ఆశ్చర్యపడినది. పిదప చిత్రమంతయు చూచి, పిల్లవానిని దగ్గరకు పిలిచి యిట్లన్నది:

"బాగుందిరా. మరి నూతికాడ కొత్తగా పెట్టిన మొక్క యీయేడు పిందేసినాది. రేపు పొద్దున్న అదీ తియ్యి."