మన డీఎన్ఏలో కాపీ-పేస్ట్: వెతికి పట్టుకోవడం ఎందుకంత కష్టం?

మన డీఎన్ఏని ఒక టెక్స్ట్ ఫైల్ అనుకోండి. దాదాపు 310 కోట్ల అక్షరాలు. ప్రోటీన్లు తయారుచేసే కోడ్ అందులో 2 శాతం కూడా లేదు. దాదాపు సగం మాత్రం ట్రాన్స్‌పోజబుల్ ఎలిమెంట్స్, అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూరిపోయే ముక్కలు, వాటి శిథిలాలు. వీటిని మొక్కజొన్నలో కనిపెట్టిన బార్బరా మెక్‌క్లింటాక్‌కి 1983లో నోబెల్ వచ్చింది.

మనలో ఆలూ అని ఒకటుంది. కూర కాదులెండి! 300 అక్షరాలే, కానీ కాపీలు 10 లక్షల పైనే. సొంతంగా కాపీ అయ్యే సరంజామా దానికి లేదు, లైన్-1 అనే ఇంకో ముక్క దగ్గర అరువు తెచ్చుకుంటుంది. ఈ లైన్-1 పూర్తి సైజు 6,000 అక్షరాలు. కాపీలు 5 లక్షల దాకా ఉన్నా, ఇంకా కదలగలిగేవి ఓ వంద.

మరి కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతికేద్దామా? కుదరదు. కోట్ల ఏళ్లలో ఒక్కో కాపీలో ఒక్కో రకం అక్షర దోషాలు చేరాయి. అందుకే రిపీట్‌మాస్కర్ అనే ప్రోగ్రామ్ ఒక్కో కుటుంబానికి ఒక మూల నమూనా పెట్టుకుని, ఏ ముక్క దానికి ఎంత దగ్గరగా ఉందో స్కోర్ వేస్తుంది. తేడాలు ఎక్కువుంటే ఆ కాపీ పాతదన్నమాట. గిట్ హిస్టరీ లేకుండానే కమిట్ డేట్ అంచనా వేయడం లాంటిది. నాకైతే ఇది భలే నచ్చింది.

అసలు తలనొప్పి వేరే ఉంది. చాలా సీక్వెన్సింగ్ మెషిన్లు డీఎన్ఏని 150 అక్షరాల తునకలుగా చదువుతాయి. తునక ఆలూలో పడితే, అది ఏ ఆలూదో చెప్పడం చాలాసార్లు కష్టం. అలాంటి వాటిని పక్కన పడేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. నా ఉద్దేశంలో అది ప్రమాదకరం. ఎందుకంటే 1988లో హేగ్ కజాజియన్ బృందం 240 మంది హీమోఫీలియా-ఎ పేషెంట్లను పరీక్షిస్తే, ఇద్దరిలో లైన్-1 ముక్క ఫ్యాక్టర్-8 జీన్‌లోకి కొత్తగా దూరి ఉంది. రక్తం గడ్డకట్టకపోవడానికి కారణం అదే. పక్కన పడేసిన తునకల్లో ఇలాంటి కారణమే ఉండొచ్చు కదా!

దీనికో ఉపాయం ఉంది. తునకలు జంటగా వస్తాయి. జంటలో ఒకటి మనకు తెలిసిన చోట అతుక్కుని, రెండోది లైన్-1లా కనిపిస్తే, ఆ పక్కనే ఏదో కొత్తగా దూరిందని అనుమానించాలి. ఇప్పుడు వేల అక్షరాలు ఒకేసారి చదివే మెషిన్లూ వచ్చాయి, అవైతే ముక్కతో పాటు అటూ ఇటూ ఉన్నదీ చదివేస్తాయి.

యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ ఫ్రీ. ఎఫ్8 అని టైప్ చేసి, రిపీట్‌మాస్కర్ ట్రాక్ ఆన్ చేయండి. ఆ పేషెంట్లలో దూరిన ముక్క కనపడదు, అది వాళ్ల డీఎన్ఏలోనిది. కానీ ఆ జీన్‌లో పాత ఆలూలు ఎన్నున్నాయో లెక్కపెట్టి కామెంట్‌లో చెప్పండి.