నేల నీటి లెక్కలో కాలపు అంచె: హైడ్రస్ నమూనాలో సర్దుబాటు

వర్షపు నీరు నేలలో ఎంత లోతుకు దిగింది, వేరు మండలంలో ఎంత నిలిచింది, దిగువకు ఎంత ఇంకిపోయింది అనే లెక్కలను కంప్యూటర్ నమూనాలతో కట్టడం నేడు సాధారణమైంది. వాటిలో విస్తృతంగా వాడుకలో ఉన్నది హైడ్రస్-1డి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు రివర్‌సైడ్‌లోని లవణ నేలల పరిశోధనశాలలో షిమునెక్, వాన్ గెనుక్టెన్ తదితరులు దీనిని రూపొందించారు. నేల గుణాలను, వర్షపాతాన్ని శ్రద్ధగా పూరించే పరిశోధకులు సైతం కాలానికి సంబంధించిన అంకెలను ఉన్నవి ఉన్నట్లే వదిలివేయడం కద్దు. లెక్క మధ్యలో ఆగిపోయినప్పుడే అటు దృష్టి మళ్లుతుంది. అప్పుడు తోచిన అంకెలు మార్చి, ఎలాగో పూర్తయితే చాలనుకుంటారు. పూర్తయిన ప్రతి లెక్కా సరైన లెక్క కాదు. దానిని నమ్మి సూచించిన తడి మాత్రం రైతు పొలంలో అమలవుతుంది.

ఈ చిక్కుకు మూలం నేల స్వభావంలోనే ఉంది. తేమ తగ్గేకొద్దీ నేలకు నీటిని ప్రసరింపజేసే శక్తి కొద్దిగా కాదు, లక్షల రెట్లు పడిపోతుంది. 1931లో రిచర్డ్స్ ప్రతిపాదించిన సమీకరణం ఈ ప్రవాహాన్ని వర్ణిస్తుంది. ప్రసరణ తేమపై ఆధారపడుతుంది, తేమ ప్రసరణపై ఆధారపడుతుంది. అందువల్ల కంప్యూటర్ కాలాన్ని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి, ప్రతి అంచెలోనూ ఒక ఊహతో మొదలుపెట్టి, ఆ ఊహను పదే పదే సవరించుకుంటుంది. వరుసగా రెండు సవరణల మధ్య తేడా అనుమతించిన హద్దులోపలికి వస్తే, అంటే తడిసీ తడియని పొరల్లో తేమ తేడా 0.001, పూర్తిగా తడిసిన పొరల్లో పీడనం తేడా 1 సెంటీమీటరు లోపు ఉంటే, ఆ అంచె ముగిసినట్లు.

తర్వాతి అంచె ఎంత పొడవుండాలో ఈ సవరణల సంఖ్యే నిర్ణయిస్తుంది. మూడు లేదా అంతకు తక్కువ సవరణల్లో పని ముగిస్తే అంచెను 1.3 రెట్లు పెంచుతుంది. ఏడు లేదా అంతకు మించితే 0.7 రెట్లకు తగ్గిస్తుంది. నడుమ ఉంటే మార్చదు. పదింటికీ కుదరకపోతే ఆ ప్రయత్నాన్ని రద్దు చేసి, అంచెను మూడో వంతుకు కుదించి మళ్లీ మొదలుపెడుతుంది. ఒక రోజు పొడవున్న అంచె ఇలా ఏడుసార్లు కుదించుకుపోతే సుమారు 40 సెకన్లు అవుతుంది. అక్కడి నుంచి తిరిగి ఒక రోజుకు చేరాలంటే వరుసగా ముప్పై అంచెలు సాఫీగా సాగాలి. దిగడం వేగం, ఎక్కడం నెమ్మది. ఈ ఏర్పాటు ఉద్దేశపూర్వకమే.

అంచెకు కనిష్ఠ పరిమితిని సెకను స్థాయిలో ఉంచడం మేలు. అది ఒక్కసారీ వాడుకలోకి రాకపోవచ్చు. అయినా ఎండిన నేలపై హఠాత్తుగా వాన పడినప్పుడు కుదించుకునే వెసులుబాటు ప్రోగ్రాంకు ఉండాలి. లెక్క త్వరగా ముగియాలని ఈ పరిమితిని పెంచడం తరచూ జరిగే పొరపాటు. ఎండిన నేలలోకి నీరు ఇంకే సందర్భంలో ఆరంభపు అంచె కూడా చిన్నదిగానే ఉండాలి. ఆ విలువ మొదట్లోనే కాక, ఉపరితల ప్రవాహం ఒక్కసారిగా మారిన ప్రతిసారీ అక్కరకు వస్తుంది. గరిష్ఠ పరిమితికి సాధారణంగా అంత ప్రాధాన్యం లేదు. పగలు, రాత్రి బాష్పీభవన భేదాన్ని చూపదలచినప్పుడు మాత్రం దానిని గంట దగ్గర కట్టడి చేయాలి.

అంచె పదే పదే కనిష్ఠ స్థాయికి పడిపోతుంటే అది రోగం కాదు, రోగ లక్షణం. నల్లరేగడి నేలలే ఇందుకు ఉదాహరణ. హైడ్రస్ పట్టికలో బంకమట్టికి వాన్ గెనుక్టెన్ గుణకం 'ఎన్' విలువ 1.09 మాత్రమే, ఇసుకకు అది 2.68. ఈ విలువ ఒకటికి ఇంత దగ్గరగా ఉంటే, నేల పూర్తిగా తడిసిన స్థితి నుంచి రవ్వంత ఆరగానే ప్రసరణ శక్తి నిట్టనిలువునా కూలుతుంది, సవరణలు ఎంతకీ కుదరవు. ఇటువంటి నేలల కోసమే మైనస్ 2 సెంటీమీటర్ల వద్ద గాలి ప్రవేశాన్ని పరిగణించే ఐచ్ఛికాన్ని ప్రోగ్రాంలో అమర్చారు. కాలపు అంకెలను ముట్టుకోకముందే దీనిని పరీక్షించాలి. ఉపరితలానికి దగ్గరగా బిందువులు దట్టంగా ఉన్నాయో లేదో, పక్కపక్క పొరల మందం నిష్పత్తి 1.5 దాటిందో లేదో చూడాలి. ఇక వేసవిలో నోళ్లు తెరిచిన నల్లరేగడి పగుళ్లలోకి తొలకరి నీరు జారిపోయే తీరును సాధారణ నమూనా అసలు చూపలేదు. అంచెను ఎంత కుదించినా ఆ లోటు తీరదు.

వర్షపాత సమాచారంలోనూ ఇలాంటిదే మరొకటి ఉంది. 60 మిల్లీమీటర్ల వాన ఒక్క గంటలో పడితే దాని తీవ్రత రోజుకు 144 సెంటీమీటర్ల చొప్పున ఉంటుంది. దానినే రోజువారీ మొత్తంగా ఇస్తే 6 సెంటీమీటర్లకు దిగుతుంది. బంకమట్టి పూర్తిగా తడిసినప్పుడు ప్రసరింపజేయగలిగేది పట్టిక ప్రకారం రోజుకు 4.8 సెంటీమీటర్లే. మొదటి లెక్కలో చాలా నీరు పొలం దాటి పారిపోతుంది, రెండో లెక్కలో అధిక భాగం నేలలో ఇంకినట్లు కనిపిస్తుంది. అంచె సెకన్లకు దిగినా, ఇవ్వని సమాచారాన్ని అది సృష్టించలేదు.

అన్నిటికన్నా సులువుగా దొరికే దగ్గరిదారి అనుమతించే తేడాను సడలించడం. ప్రోగ్రాం వెంటనే పరుగు తీస్తుంది, కాని నీటి జమాఖర్చు తప్పవచ్చు. ప్రతి లెక్క చివర ప్రోగ్రాం ఇచ్చే నీటి సమతుల్యత పట్టికలో సాపేక్ష దోషం ఒక శాతం దాటితే ఆ ఫలితాన్ని పక్కన పెట్టడమే సబబు. అయితే దోషం తక్కువగా ఉన్నంత మాత్రాన నిశ్చింత కూడదు. సీలియా, ఆయన సహచరులు 1990లో చూపిన పద్ధతి నీటి మొత్తాన్ని చక్కగా కాపాడుతుంది. ఆ నీరు ఏ లోతులో, ఏ రోజున ఉన్నదన్నది వేరే ప్రశ్న. సవరణలను లెక్కించి అంచెను మార్చే విధానం పరిష్కారం ఎంత సులువుగా కుదిరిందో చెబుతుంది, కాలంలో ఎంత తప్పు దొర్లిందో కొలవదు. ఆ తప్పునే నేరుగా అంచనా వేసి అంచెను నిర్ణయించే పద్ధతిని కావెట్‌స్కీ, బిన్నింగ్, స్లోన్ 2001లో ప్రతిపాదించారు. ఆ సదుపాయం లేని ప్రోగ్రాంలో ఒక పరీక్ష మిగిలి ఉంది. గరిష్ఠ అంచెను పదో వంతుకు తగ్గించి అదే లెక్కను మళ్లీ నడపాలి. వేరు మండలపు తేమ, దిగువకు ఇంకిన నీరు, తడి అవసరమైన తేదీ మారకపోతే మొదటి లెక్కను కాలపు అంచె విషయంలో నమ్మవచ్చు. సిద్ధాంత గ్రంథంలో నేల గుణాల పట్టిక పక్కనే ఈ రెండు ఫలితాలనూ, వాడిన కనిష్ఠ, గరిష్ఠ అంచెలనూ, సమతుల్యత దోషాన్నీ నమోదు చేస్తే, అదే లెక్కను మరొక నేలపై నడపబోయే పరిశోధకుడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.