దూరమందున్న యంత్రమునకు మోడెమెందుకు?

కొండమీది టెలిఫోను ఎక్స్ఛేంజిలో అర్ధరాత్రివేళ రౌటరు స్తంభించినచో, పట్టణమందలి ఇంజనీరు దానిని కూర్చున్నచోటినుండియే చక్కదిద్దుట యెట్లు? రౌటరు నడపు మార్గముననే దానిని చేరబోయినచో, తెగినది ఆ మార్గమే గదా! అందుచేతనే రౌటరునకు నేరుగా ఆజ్ఞలిచ్చుటకైన కన్సోల్ పోర్టునకు ఒక మోడెమును తగిలించి, ఆ మోడెమునకు వేరొక టెలిఫోను లైను నిత్తురు.

టెలిఫోను లైను సుమారు 300 మొదలు 3400 హెర్ట్జులవరకు గల ధ్వనులను మాత్రమే మోయును గావున, మోడెము సున్నలను, ఒకట్లను వినబడు స్వరములుగా మార్చి పంపును. 1960ల నాటి బెల్ 103 మోడెము, పిలుచు పక్షమున, సున్నకు 1070, ఒకటికి 1270 హెర్ట్జుల స్వరములను వాడి, సెకనుకు 300 బిట్లను చేరవేసెడిది. వేగము స్వల్పమే, అయినను పంపవలసినవి చిన్న చిన్న ఆజ్ఞలే గనుక అది చాలును.

మోడెమునకిచ్చిన ఆ లైను నంబరు నెరిగిన ఆగంతకుడును లోనికి చొరబడవచ్చును గావున, పాస్‌వర్డు నడుగుటయే గాక, కొన్ని మోడెములు వచ్చిన పిలుపును తెంచి, ముందుగా నమోదైన నంబరునకు తామే తిరిగి ఫోను చేయును.