గ్రామసింహము - వంశవృక్షము

మానవునికి మచ్చికైన జంతువులలో మొట్టమొదటిది కుక్క. వ్యవసాయము పుట్టక పూర్వమే, ఆవు, గుర్రము మన ముంగిటికి రాక పూర్వమే, అది మనిషి రాజేసిన నిప్పు ప్రక్కకు వచ్చి చేరినది. దానికి మన భాషలో 'గ్రామసింహము' అను గౌరవనామము కలదు. అయినను ఒకరిని 'కుక్క' అన్నచో అది తెలుగులోనూ తిట్టే, ఉర్దూలోనూ తిట్టే. అదే 'జాతికుక్క' అన్నచో మాత్రము వినువారి ముఖములో మర్యాద తొంగిచూచును. ఒకే జంతువు ఒక ఇంట పరుపు మీద, మరొక వీధిలో రాళ్ళ దెబ్బల నడుమ బ్రతుకుటకు కారణమేమి? భేదము కుక్కలో ఉన్నదా, దాని గొలుసు పట్టుకొన్న చేతిలో ఉన్నదా? ఈ ప్రశ్నను చరిత్ర సాయముతో కొంత పరిశీలింపదలచినాము.

ఇంగ్లండు దేశములో ఈ భేదమును ఒకప్పుడు చట్టమే నిర్ణయించినది. 1671వ సంవత్సరపు వేట చట్టము ప్రకారము, ఏటా నూరు పౌన్ల రాబడినిచ్చు సొంత భూమి గాని, అంతకు తగిన మరొక అర్హత గాని లేనివాడు వేటాడరాదు. గ్రేహౌండు వంటి వేటకుక్కను ఉంచుకొనరాదు. అట్టివాని ఇంట వేటకుక్క దొరికినచో దానిని పట్టుకొనిపోవు అధికారము జమీందారుల వేటకాపరులకు ఉండెను. 1831లో మరొక చట్టము వచ్చి ఈ ఆస్తి నిబంధనను తొలగించువరకు, అనగా 160 సంవత్సరముల పాటు, వాకిట కట్టిన కుక్కను చూచి యజమాని భూవసతిని ఊహింపగలిగేవారు.

చట్టము పోయినది గాని అంతరము పోలేదు. దాని స్థానమున వంశావళి వచ్చినది. 1859లో న్యూకాజిల్ నగరములో పాయింటర్, సెట్టర్ అను వేటకుక్కల ప్రదర్శన జరిగినది. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్బు స్థాపితమై, కుక్కల తల్లిదండ్రుల పేర్లను గ్రంథస్థము చేయ నారంభించినది. 1891లో చార్లెస్ క్రఫ్ట్ తన పేరిట ప్రదర్శనను ప్రారంభించెను. అంతకు మునుపు కుక్కను అది చేయు పనిని బట్టి ఎంచేవారు; మంద కాయునది, ఎలుకలను పట్టునది, కుందేలును తరుమునది అని. ఇప్పుడు చెవి ఎట్లున్నది, తోక ఎట్లున్నది, తాత ఎవరు అనునవి ముఖ్యములైనవి. యంత్రయుగములో క్రొత్తగా ధనవంతులైన వారికి ప్రాచీన ప్రభువంశములో పుట్టుట సాధ్యము కాదు. కాని ప్రాచీన వంశము గల కుక్కను కొనుట సాధ్యమే.

కుక్కల అంతస్తు ఎంత చంచలమైనదో కొన్ని ఉదాహరణముల వలన తెలియును. ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పు క్రూరవినోదమును 1835లో నిషేధించినారు. అట్టి పోరాటముల నుండి వచ్చిన కుక్కల సంతతినే 1860 ప్రాంతమున బర్మింగ్‌హామ్ వాసి జేమ్స్ హింక్స్ తెల్లని బుల్ టెర్రియరుగా దిద్ది, పెద్దమనుషుల సరసన నిలిపెను. నూలుమిల్లులలో ఎలుకలను పట్టుటకు కార్మికులు పెంచిన యార్క్‌షైర్ టెర్రియరు కొంతకాలమునకు సంపన్న స్త్రీల ఒడిలో రిబ్బను కట్టుకొని కూర్చున్నది. కుక్క మారలేదు, దాని చిరునామా మారినది.

అమెరికా ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ప్రచురించిన 'విశ్రాంతివర్గ సిద్ధాంతము' అను గ్రంథములో ఈ రహస్యమును విప్పి చెప్పెను. ఆయన వాదము ప్రకారము కుక్క ఖర్చుతో కూడినది, ఉత్పత్తికి పనికిరానిది, యజమానికి దాసోహమనునది; కనుకనే అది ధనికుని ప్రతిష్ఠకు తగిన వస్తువు. పనికిరాని దానిని పోషింపగలుగుటయే సంపదకు సాక్ష్యము.

మన దేశమునకు వచ్చినచో, సంస్థానాధీశుల కుక్కల ముచ్చట జగద్విదితమే. జునాగఢ్ చివరి నవాబు మహాబత్ ఖాన్ వందలాది కుక్కలను పోషించి, వాటికి సేవకులను నియమించి, తన ముద్దుల కుక్కకు పెండ్లి వేడుక చేయించినాడని ప్రసిద్ధి. ఆ ఖర్చు ప్రజల పన్నులదే కదా! మరొక ప్రక్క, మన వీధికుక్కకు ఆంగ్లేయులు పెట్టిన పేరు 'పారియా డాగ్'. తమిళదేశమున అణగద్రొక్కబడిన ఒక కులము పేరును వారు కుక్కకు తగిలించినారు. మనుషులలోని హెచ్చుతగ్గులు కుక్కల పేర్లలోనికి ఎట్లు ప్రాకినవో చూపుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మన ప్రాచీన సంప్రదాయములు ఇందుకు భిన్నమైన పాఠము చెప్పుచున్నవి. పవిత్ర ఖురానులో గుహవాసులకు కావలియున్న కుక్క ప్రస్తావన కలదు. దాహముతో అల్లాడు కుక్కకు నీరు పోసిన వ్యక్తిని దైవము క్షమించినట్లు హదీసు తెలుపుచున్నది. మహాభారతములో ధర్మరాజు తనను వెన్నంటి వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు పోనన్నాడు. ఈ మూడు చోట్లను ఆ కుక్క ఏ జాతిదని ఎవరును అడుగలేదు. దాని విశ్వాసము, దాని దాహము, దాని తోడు - ఇవియే ముఖ్యములైనవి.

నేటి మధ్యతరగతి గృహములలో ఆ ప్రశ్న మరల తలయెత్తినది. 2003లో హచ్ టెలిఫోను సంస్థ ప్రకటనలో ఒక బాలుని వెంట నడచిన పగ్ కుక్క దేశమంతట మోజు పుట్టించినది. కాని పగ్ జాతి చప్పిడి ముక్కు సౌందర్యము కొరకు మనిషి పెంచినది. ఆ ముక్కుతో అనేకము ఊపిరికి కష్టపడును, వేసవి వేడిమికి తాళలేవు. మంచుదేశపు హస్కీని మన రోహిణీకార్తె ఎండలో మేడమీద కట్టివేయుట కూడ ఇట్టిదే. మోజు తీరిన పిమ్మట వీధిపాలైన జాతికుక్కలును లేకపోలేదు. మన ప్రతిష్ఠకు మూల్యమును నోరులేని ప్రాణి చెల్లించుచున్నది.

ఇక మన నేలకు, మన ఎండకు అలవాటుపడిన కుక్కల మాట. 2005లో తపాలాశాఖ ముధోల్, రాంపూర్, రాజపాలయం, హిమాలయ గొర్రెకాపరి కుక్కల బొమ్మలతో బిళ్ళలు విడుదల చేసినది. ముధోల్ కుక్కలకు భారతసైన్యము శిక్షణ కూడ నిచ్చినది. ఇది సంతోషదాయకమే. అయితే విదేశీ పేరును వదలి స్వదేశీ పేరును గొప్పకు తగిలించుకొన్నంత మాత్రమున మన దృష్టి మారినట్లు కాదు. పేరులేని వీధికుక్కకు టీకా వేయించుట, సంతాననియంత్రణ శస్త్రచికిత్స చేయించుట, దాని వలన పిల్లలకు అపాయము లేకుండ చూచుట ఏ వంశావళికంటెను గొప్ప పనులు.

విద్యార్థి మిత్రులారా, కుక్కను పెంచదలచినచో ముందు మన ఇంటి వైశాల్యము, మన ఊరి వాతావరణము, మనకున్న తీరిక లెక్కించుకొందము. పొరుగువాని కన్నులను గాదు. జంతువును వంశముతో తూచుట అలవాటైన చేయి మనిషిని కూడ అదే త్రాసులో పెట్టును. తోటి విద్యార్థి ఏ వీధి నుండి వచ్చినాడు, అతని తండ్రి ఎవరు, అతని భాష ఏది అని విచారించు మనస్సునకును, కుక్క తాతల పేర్లు వెదకు మనస్సునకును దూరము స్వల్పమే. విద్యాలయమున మనము నేర్వవలసినది ఆ త్రాసును క్రింద పెట్టుట.