పరీక్షకొక పరీక్ష



మొన్నటి యేడు మా గ్రామమునకు క్షయరోగమును కనుగొను సాధన మొకటి వచ్చినది. "రోగము కలదని ముందే తేలిన 20 మందిని దీనిచే పరీక్షించితిమి. అందఱియందును రోగమును పట్టినది. కావున నూటికి నూఱుపాళ్లు నమ్మదగినది" అని తెచ్చినవారు చెప్పిరి. రెండు నెలలుగా దగ్గుచున్న మా పొరుగింటి పెద్దకు రోగము లేదని యది తేల్చెను. ఆయన సంతసించి వైద్యుని యొద్దకు పోవుట మానెను. నలువదియేండ్లు బడిలో లెక్కలు చెప్పిన నాకు మాత్రము మనసు కుదుటపడలేదు.

పిడికెడు ధాన్యములో తాలు కనబడనంత మాత్రమున బస్తాలో తాలే లేదని రైతు చెప్పునా? ఇరువదిమందియు పిడికెడు గింజలవంటివారే.

1927 వ సంవత్సరమున ఎడ్విన్ విల్సన్ అను అమెరికా పండితు డిట్టి సందేహమునకు లెక్క చూపెను. పరీక్ష యొక్కమారైనను తప్పనపు డది మిక్కిలి సులభము. రోగుల సంఖ్యకు 3.84 కలిపి, ఆ మొత్తముచే రోగుల సంఖ్యను భాగింపవలెను. 20 ని 23.84 చే భాగించిన 0.84 వచ్చును. అనగా సాధనపు నిజమైన శక్తి నూటికి 84 మొదలు 100 వఱకు నెచ్చటనైనను ఉండవచ్చును. వీనినే విశ్వాసావధు లందము. రోగులు 200 మందియై, అందఱిని పట్టినచో క్రింది అవధి 98 కి పెరుగును.

ఈ 3.84 ఎక్కడిది? 1.96 ను దానిచేతనే గుణింపగా వచ్చినది. ఈ పద్ధతిని పలుమార్లు వాడినచో, నూటికి సుమారు 95 మార్లు నిజము అవధుల నడుమ చిక్కును.

కొందఱు తప్పిపోయినచో లెక్క కొంత పొడవగును. ఫలము మాత్రము వినుడు. 20 మందిలో 18 మందిని పట్టిన, అవధులు 70, 97. 200 మందిలో 180 మందిని పట్టిన, 85, 93. రెండింటను నూటికి 90 యే. నమ్మిక యొకటి కాదు.

ఇది రోగులను పట్టు శక్తి. రోగము లేనివారిని లేరని చెప్పు శక్తికి, ఆరోగ్యవంతులను వేఱుగా పరీక్షించి, వేఱుగా లెక్కింపవలెను.

నేను పలకపై నీ లెక్క వేసి పొరుగింటి పెద్దకు చూపితిని. ఆయన మఱునాడే ఆసుపత్రికి పోయెను. కఫమును మరల పరీక్షింపగా రోగము బయటపడినది. మందు తప్పక పుచ్చుకొని కోలుకొనెను.

కావున పెద్దలారా, మీ యూర నెవరైనను నూటికి నూఱని చెప్పినచో, "ఎందఱిలో?" అని యడుగుడు. దగ్గు తగ్గనిచో, లేదన్న మాటతో ఊరకుండకుడు. సెలవు.