మీకు తెలుసా? చెప్పు తడిస్తే ఆరుతుంది, తోలుబొమ్మ తడిస్తే ముడుచుకుంటుంది

శ్రీసత్యసాయి జిల్లాలో, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తయారయ్యే తోలుబొమ్మలకూ ల్యాంప్‌షేడ్లకూ నీళ్లంటే కాగితానికి ఉన్నంత భయం. తోలుకు నీళ్లేం చేస్తాయి, చెప్పులు తడవడం లేదా అని అడగొచ్చు. చెప్పుల తోలును తంగేడు చెక్కతోనో రసాయనాలతోనో పదును చేస్తారు. బొమ్మకు వాడే మేకతోలుకు ఆ పదును ఉండదు. నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఆరబెడతారు, అంతే. అందుకే దీపం వెలుగు దానిగుండా అంత చక్కగా వస్తుంది. నీరు తగిలితే మళ్లీ పచ్చితోలులా మెత్తబడి, ఆరేటప్పుడు ముడుచుకుపోయేదీ అందుకే. ఉలితో కొట్టిన చిల్లుల వరసలు అప్పుడు వంకర తిరుగుతాయి.

వానలే సరిగా పడని రాయలసీమలో ఇంత జాగ్రత్తెందుకు అనేవాళ్లూ ఉంటారు. బొమ్మ సీమలోనే ఉండిపోదు కదా, విశాఖ ఉక్కలోకీ చెన్నై తేమలోకీ పోతుంది. ప్లాస్టిక్ సంచిలో చుడితే మరీ ప్రమాదం: లోపల చిక్కిన తేమే బూజు పట్టిస్తుంది. నూలుగుడ్డలో చుట్టి, అట్టల మధ్య పరిచి ఉంచడం మేలు. దుమ్మును పొడి కుంచెతోనే దులపండి. పొరపాటున తడిస్తే ఎండలో వేయకండి.